శ్రీలంకలో యుద్ధం చేశానంటే మా ఊళ్ళో పిల్లలు నవ్వారు

పాత_తంబీ (కొత్త సభ్యుడు)
ఆగస్టు 16, ఉదయం 6:10

అందరికీ నమస్కారం. ఈ ఖాతా నా మనవడు తెరిచిచ్చాడు. చెప్పేది నేను, టైపు కొట్టేది వాడు. తప్పులుంటే వాడివి.

నిన్న మా ఊరి స్కూల్లో జెండా పండక్కి పిలిచారు. శాలువా కప్పి రెండు ముక్కలు మాట్లాడమన్నారు. పదో క్లాసు కుర్రాడొకడు లేచి "మీరు కార్గిల్లో ఉన్నారా తాతగారూ?" అని అడిగాడు. లేదు నాయనా, జాఫ్నాలో ఉన్నాను అన్నాను. అదెక్కడ అన్నాడు. శ్రీలంక అన్నాను. పిల్లలంతా ఒకటే నవ్వు. "శ్రీలంకతో మనకి క్రికెట్టే కదా తాతా" అని వెనక నుంచి ఎవడో అరిచాడు. దానికి నాకూ నవ్వొచ్చింది. కానీ పక్కనున్న మాస్టారు మైకు తీసుకుని, "పెద్దాయన శాంతి సేనలో పనిచేశారు, యుద్ధం లాంటిదేం జరగలేదు" అని సర్దిచెప్పి చాక్లెట్లు పంచడానికి లేచాడు.

యుద్ధం లాంటిదేం జరగలేదట. ఏమీ జరగకపోతే నా ఎడమ చెవి ఎందుకు వినపడదో ఆయన్నే అడగాలి.

మాది శ్రీకాకుళం జిల్లా, టెక్కలి వైపు. 1981లో మద్రాస్ ఇంజనీర్ గ్రూపులో సాపర్‌గా, అంటే ఆర్మీ ఇంజనీరింగ్ పనులు చేసే సిపాయిగా చేరాను. 1987 ఆగస్టు నుంచి రెండేళ్ళ పైచిలుకు శ్రీలంకలో ఉన్నాను. హవల్దార్‌గా రిటైరయ్యాను. అడగదలుచుకున్నది అడగండి, గుర్తున్నంత వరకు చెప్తాను.

నిజం_కావాలి
ఆగస్టు 16, ఉదయం 9:32

పెద్దాయనా, మిమ్మల్ని అవమానించాలని కాదు. ఈ మధ్య రిటైర్డ్ ఫౌజీనంటూ ఖాతా తెరిచి కథలు రాసేవాళ్ళు ఎక్కువయ్యారు. పోయినేడాది ఇక్కడే ఒకాయన టైగర్ హిల్ ఎక్కానన్నాడు, తీరా చూస్తే స్టోర్ కీపరు. శాంతి సేన వెళ్ళింది ఒప్పందం మీద. శాంతి కాపాడ్డానికి వెళ్ళినవాళ్ళు ఎవరితో యుద్ధం చేశారు? ఆధారం ఏదైనా పెట్టండి.

డల్లాస్_డాడీ
ఆగస్టు 16, ఉదయం 9:50

మా బాబాయ్ ఒకాయన పండక్కి రెండు రౌండ్లు పడగానే 71 వార్ చెప్తాడు. ఆయన పుట్టింది 69లో 😀

చరిత్ర_పిచ్చి
ఆగస్టు 16, ఉదయం 11:15

స్టోర్ కీపర్ని వెక్కిరించడం ఎందుకు? స్టోర్ లేకుండా ఎవడూ కొండెక్కలేదు.

సరే, తెలియనివాళ్ళ కోసం. 1987 జులై 29న కొలంబోలో రాజీవ్ గాంధీ, శ్రీలంక అధ్యక్షుడు జయవర్ధనె ఒప్పందం మీద సంతకాలు పెట్టారు. మర్నాడే గౌరవ వందనంలో ఒక శ్రీలంక నావికుడు రాజీవ్ మీదకి తుపాకీ మడమ ఎత్తాడు. ఆ వీడియో అందరూ చూసే ఉంటారు. ఒప్పందం ప్రకారం తమిళ మిలిటెంట్లు ఆయుధాలు అప్పగించాలి, శ్రీలంక సైన్యం బ్యారక్‌లకి పోవాలి, మధ్యలో మన సైన్యం నిలబడాలి. ఆగస్టు 5న జాఫ్నా దగ్గర పలాలీలో ఎల్టీటీఈ, అంటే తమిళ పులులు, కొన్ని ఆయుధాలు అప్పగించింది. అంతే, మిగతావి రాలేదు. అక్టోబర్ మొదట్లో శ్రీలంక నేవీ పట్టుకున్న పులుల నాయకులు కొందరు సైనైడ్ మింగి చనిపోయారు. దాంతో అన్నీ తెగిపోయాయి. అక్టోబర్ రెండో వారంలో జాఫ్నాని పట్టుకోమని మన సైన్యానికే ఆర్డరొచ్చింది. పేరు ఆపరేషన్ పవన్.

1990 మార్చి 24న ఆఖరి దళం ట్రింకోమలీలో ఓడెక్కేసరికి మనవాళ్ళు దాదాపు 1200 మంది పోయారు. కార్గిల్లో 527. ఇప్పుడు చెప్పండి, యుద్ధమా కాదా?

నిజం_కావాలి
ఆగస్టు 16, ఉదయం 11:40

ఆపరేషన్ జరగలేదని నేననలేదు. ఈయన అక్కడున్నాడా అన్నదే నా ప్రశ్న. మీరు రాసింది ఎవరైనా చదివి రాయొచ్చు.

పాత_తంబీ
ఆగస్టు 16, రాత్రి 8:25

బాబూ, నువ్వు అడిగింది సబబే. యూనిట్ నంబరు, సర్వీసు పుస్తకం ఫోటో మాత్రం ఇక్కడ పెట్టను. చెప్పేది విని నీకేమనిపిస్తే అది అనుకో.

మమ్మల్ని ఆర్మీలో తంబీలంటారు. మద్రాస్ సాపర్లకి అది పాత ముద్దుపేరు. జాఫ్నాలో దిగితే అక్కడి ముసలమ్మలు కూడా తంబీ అనే పిలిచారు, వాళ్ళ భాషలో తమ్ముడని. మొదటి రెండు నెలలూ పెళ్ళివారి మర్యాదే. దండలేశారు, టీలిచ్చారు. మా పని మందుపాతరలు తీయడం. ఇళ్ళొదిలి పోయినవాళ్ళు తిరిగి రావాలంటే ముందు మేం పోయి పెరళ్ళు, బావుల గట్లు, స్కూలు మెట్లు చూడాలి. ఎటు చూసినా తాటిచెట్లు, తాటాకు దడులు. మా ఉద్దానం దాటి అటు పోతే ఎలా ఉంటుందో అలా ఉంది. పరాయి దేశం అనిపించలేదు.

అక్టోబర్లో అదే ఊరు మాకు తలుపులేసింది.

పలాలీ నుంచి ఉరుంపిరాయ్ మీదుగా జాఫ్నా టౌనుకి పోయే రోడ్డు ఒకటుంది. కాన్వాయ్ కంటే ముందు మేం పోవాలి. ఇద్దరు ముందు, ఒకడి చేతిలో డిటెక్టర్, ఒకడి చేతిలో ప్రాడర్, అంటే ఇనప చువ్వ. పులులు పెట్టేవి డిటెక్టర్‌కి దొరకవు. ప్లాస్టిక్ డ్రమ్ములో మందు పెట్టి కల్వర్టు కిందకి పక్క నుంచి తోసేవాళ్ళు. పైన తారు చెక్కుచెదరదు. అందుకని డిటెక్టర్ కంటే కళ్ళనే నమ్మాలి.

ఒకరోజు తెల్లారి ఒక చిన్న కల్వర్టు దగ్గరికొచ్చాం. నేను ప్రాడర్ పట్టుకుని బోర్లా పడుకున్నాను. కనపడేదేమీ లేదు. అప్పుడొక ముసలమ్మ మేకని తోలుకుంటూ ఎదురొచ్చింది. కల్వర్టు ఇంకో ముప్ఫై అడుగులుందనగా మేకని రోడ్డు దింపింది. చేలో పడి చుట్టు తిరిగి, ఇవతల మళ్ళీ రోడ్డెక్కింది. నా పక్క నుంచే పోయింది, నావైపు చూడలేదు. చేలోకి చూస్తే సన్నటి బాట పడి ఉంది. అంటే ఆమె ఒక్కతే కాదు, ఊరంతా రెండు మూడు రోజులుగా అలాగే నడుస్తోంది.

నేను ఆగిపోయాను. పక్క నుంచి మట్టి తీస్తే డ్రమ్ము మూత కనపడింది. ఎలా తీశామో ఇక్కడ రాయను. వైరు పట్టుకుని పోతే రెండొందల అడుగుల అవతల తాటాకు దడి వెనక తేలింది. అక్కడ ఒక చాప, ఒక సోడా సీసా, ఒకే ఒక్క రబ్బరు చెప్పు. నా అరచేతి కంటే కొంచెం పెద్దది, అంతే.

డల్లాస్_డాడీ
ఆగస్టు 16, రాత్రి 8:58

బాబాయ్ గారూ, పొద్దున నేను పెట్టిన జోకు తీసేస్తున్నాను. సారీ. ఎడిట్ బటన్ ఎక్కడుందో ఎవరైనా చెప్పండి.

నిజం_కావాలి
ఆగస్టు 16, రాత్రి 9:20

రాయడం బాగా వచ్చు, అది ఒప్పుకుంటా. కానీ మేక, ముసలమ్మ, చిన్న చెప్పు... సినిమా సీన్ కదండీ ఇది. ఇంటర్వెల్ ముందు పెట్టుకోవచ్చు.

మాజీ_ఎయిర్‌మన్
ఆగస్టు 16, రాత్రి 10:05

నాకూ కొంచెం అనుమానంగానే ఉంది, కానీ అనుమానం తీర్చుకునే పద్ధతి వేరు. సార్, రెండే ప్రశ్నలు. ప్రాడర్ నేలలోకి నిలువుగా గుచ్చుతారా? అప్పట్లో మీ చేతిలో ఉన్న రైఫిల్ ఏది, దానితో మీకొచ్చిన ఇబ్బంది ఏంటి? గూగుల్ చూడకుండా చెప్పండి.

పాత_తంబీ
ఆగస్టు 17, ఉదయం 5:55

నాకు గూగుల్ రాదు. మనవడు నిద్రపోతుంటే లేపి టైపు చేయిస్తున్నాను, తిట్టుకుంటున్నాడు.

నిలువుగా గుచ్చితే ఆ రోజే ఆఖరు. మైను మీద ఒత్తిడి పైనుంచి పడకూడదు. ఏటవాలుగా, 30 డిగ్రీలకి అటూ ఇటూ, మునివేళ్ళతో తోయాలి. గట్టిగా తగిలితే ఆగాలి. ట్రైనింగ్‌లో ఉస్తాద్ కోడిగుడ్డు పాతిపెట్టి వెతకమనేవాడు. పగిలితే ఆ పూట టిఫిన్ ఉండదు.

రైఫిల్ ఎస్ఎల్ఆర్. మంచి తుపాకీ, మైదానంలో. జాఫ్నా సందులు మన పాత వీధుల్లా ఉంటాయి, రెండు వైపులా దడులు. అంత పొడుగు తుపాకీ పట్టుకుని మూల తిరిగేలోపు అవతలివాడు రెండుసార్లు తిరుగుతాడు. మాది నొక్కితే ఒకటి, మళ్ళీ నొక్కితే ఒకటి. మేగజీన్‌లో 20 తూటాలు. వాళ్ళ ఏకేలో 30, వరసపెట్టి కొడుతుంది. మ్యాపులు కూడా ఎప్పటివో. మ్యాపులో పొలం ఉన్నచోట మేం పోయేసరికి వీధి ఉండేది.

మా పరిస్థితే నయం. యూనివర్సిటీ గ్రౌండ్‌లో రాత్రిపూట హెలికాప్టర్లలో దిగిన సిక్కు కుర్రాళ్ళు 30 మందిలో 29 మంది అక్కడే పోయారు. వాళ్ళతో దిగిన కమాండోలు ఇళ్ళల్లో చిక్కుకుపోతే ట్యాంకులు పోయి తీసుకొచ్చాయి. అవి రైలు లైను పట్టుకుని పోయాయి. నేను చూడలేదు, పలాలీ వచ్చాక ఆ డ్రైవర్లే చెప్పారు.

మాజీ_ఎయిర్‌మన్
ఆగస్టు 17, ఉదయం 7:30

నా వరకు చాలు సార్. సెల్యూట్. ఆ గుడ్డు సంగతి ఏ పుస్తకంలోనూ దొరకదు.

నిజం_కావాలి
ఆగస్టు 17, ఉదయం 8:10

ఇక్కడ దొరికారు. ట్యాంకు రైలు పట్టాల మీద పోయిందట! నలభై టన్నుల బండి పట్టాలెక్కి పోవడమేంటండీ? చక్రాల మీద నడిచే రైలుకీ గొలుసు మీద నడిచే ట్యాంకుకీ తేడా లేదా?

గుంతకల్_లోకో
ఆగస్టు 17, మధ్యాహ్నం 1:45

డ్యూటీ దిగి ఇప్పుడే చూశాను. 22 ఏళ్ళు రైల్వేలో ఉన్నాను కాబట్టి ఇది నాకొదిలేయండి.

శ్రీలంక లైను మనలాగే బ్రాడ్ గేజి. పట్టాకీ పట్టాకీ మధ్య 1676 మిల్లీమీటర్లు. అక్కడికి వెళ్ళినవి టీ-72లు, వెడల్పు మూడున్నర మీటర్ల పైనే. అంటే రెండు గొలుసులూ పట్టాలకి బయట, స్లీపర్ చివర్ల మీద, కంకర మీద పడతాయి. పట్టాలు మధ్యలో ఉండిపోతాయి. ఊపు గట్టిగా ఉంటుంది, స్లీపర్లు నలుగుతాయి, తర్వాత మా గ్యాంగ్‌మన్లు తిట్టుకుంటారు. కానీ పోతుంది. పైగా లైను ఎప్పుడూ చుట్టుపక్కల కంటే ఎత్తులో ఉంటుంది, నేరుగా ఊళ్ళోకి పోతుంది. రోడ్డుకి మందుపాతర పెట్టినవాడికి రైలు కట్ట మీద ట్యాంకు వస్తుందన్న ఆలోచన రాదు.

చరిత్ర_పిచ్చి
ఆగస్టు 17, మధ్యాహ్నం 2:20

ఇది నిజంగానే జరిగింది. ఆ ట్యాంకుల్ని నడిపించిన ఆఫీసర్ ఆ పోరులో ఒక కన్ను పోగొట్టుకున్నాడు. తర్వాత దాని గురించి ఆయనే రాశాడు కూడా.

నిజం_కావాలి
ఆగస్టు 17, మధ్యాహ్నం 3:05

సరే, ట్యాంకు విషయంలో నేను తప్పు. ఒప్పుకుంటున్నా. ఇంకొక్కటి. టౌన్లోకి మీరు ఎప్పుడు చేరారు? తేదీ గుర్తుందా?

పాత_తంబీ
ఆగస్టు 17, రాత్రి 7:40

తేదీలు గుర్తుండవు బాబూ. పండగలే గుర్తు. దీపావళికి ముందు రోజు టౌను శివార్లలో ఉన్నాం. ఆ సాయంత్రం పెద్దాసుపత్రి వైపు నుంచి కాల్పులు చాలాసేపు వినిపించాయి. మర్నాడు మాలో తెలుగువాళ్ళం నలుగురం ఒక కొవ్వొత్తి వెలిగించుకుని మా దీపావళి అయిందనిపించాం. తూర్పు వైపు పడకుండా దానికి హెల్మెట్ అడ్డం పెట్టాం, వెలుతురు కనపడితే కొడతారని.

నిజం_కావాలి
ఆగస్టు 17, రాత్రి 8:02

ఇదిగో. జాఫ్నా ఆసుపత్రి సంఘటన జరిగింది 1987 అక్టోబర్ 21, దీపావళి రోజు. ఎక్కడ చూసినా దీపావళి రోజు అనే ఉంది. ఈయనేమో ముందు రోజు అంటున్నారు. అక్కడున్న మనిషి అంత పెద్ద విషయంలో పొరబడతాడా?

చెన్నై_చిన్నోడు
ఆగస్టు 17, రాత్రి 9:15

నేను పుట్టి పెరిగింది చెన్నైలో, ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం. ప్రతి ఏడూ మా ఇంట్లో ఈ గొడవే. తమిళులకి దీపావళి అంటే నరక చతుర్దశి, తెల్లారుజామున తలంటు. మనకి అమావాస్య, రాత్రి దీపాలు. ఆ ఏడు చతుర్దశి 21, అమావాస్య 22. జాఫ్నా తమిళులకి 21నే పండగ. శ్రీకాకుళం మనిషికి అది పండగ ముందు రోజు. ఈయన చదివి రాసుంటే దీపావళి అనే రాసేవాడు. పొరబాటులాగా కనపడేది ఈయన చెప్పడమే నాకు పెద్ద సాక్ష్యం.

కానీ తంబీ గారూ, దాటేసి పోలేను, అడుగుతున్నాను. ఆ రోజు ఆసుపత్రిలో రోగులు, డాక్టర్లు, నర్సులు చనిపోయారు. కాల్చింది మన సైన్యం. మా వీధిలో జాఫ్నా నుంచి వచ్చినవాళ్ళు ఉండేవాళ్ళు. వాళ్ళు దీపావళి చేసుకునేవాళ్ళు కాదు. మీరు దానికేమంటారు?

మోడరేటర్
ఆగస్టు 17, రాత్రి 9:30

ఈ విషయం మీద గతంలో రెండు చర్చలు బూతులతో ముగిశాయి. మర్యాద దాటిన పోస్టు చెప్పకుండా తీసేస్తాను.

పాత_తంబీ
ఆగస్టు 18, ఉదయం 6:20

రాత్రి చదివాడు మనవడు. వెంటనే చెప్పలేకపోయాను.

నేను ఆసుపత్రిలోకి వెళ్ళలేదు. కాల్పులు విన్నాను. లోపల నుంచి ముందు మనవాళ్ళ మీద కాల్చారని మాకు చెప్పారు. కావచ్చు, కాకపోవచ్చు. రెండు రోజుల తర్వాత ఆ రోడ్డున పోతుంటే ఆసుపత్రి గోడ బయట ఒక నర్సమ్మ కూర్చుని ఉంది. తెల్ల గౌను, చెప్పుల్లేవు. మా బండిలో నీళ్ళ డబ్బా ఉంటే మగ్గుతో ఇవ్వబోయాను. తీసుకోలేదు. తంబీ అని కూడా అనలేదు.

ఇంతకంటే చెప్పడానికి నా దగ్గరేమీ లేదు. మనవాళ్ళే చేశారు. కాదని నేననను.

ఇంకోటి కూడా చెప్తాను, ఇది స్కూల్లో అస్సలు చెప్పలేను. ఒకచోట తలుపుకి కట్టిన బాంబు తీస్తుంటే ఆ ముడి చూసి నా చెయ్యి ఆగింది. మా ఉస్తాద్ నేర్పిన ముడే, అదే చుట్టు, అదే కొస. మనవాళ్ళే వాళ్ళకి ట్రైనింగ్ ఇచ్చారని అప్పటికి వినికిడి మాటగానే తెలుసు. వేలితో తాకితే వేరు. నాతో ఉన్న చిత్తూరు కుర్రాడు చూసి "మన బళ్ళోవాడే రా" అన్నాడు. నెల తిరక్కుండా వాడు ఉరుంపిరాయ్ దగ్గర పేలుడులో పోయాడు. నా చెవి పోయింది కూడా అప్పుడే.

చరిత్ర_పిచ్చి
ఆగస్టు 18, ఉదయం 9:00

1983 నుంచి తమిళ గ్రూపులకి మన దేశంలో శిక్షణ ఇచ్చిన సంగతి ఇప్పుడు రహస్యమేమీ కాదు. తమిళనాడులోనూ, ఉత్తరాన చక్రాతాలోనూ ఇచ్చారు. అందుకే ఈ యుద్ధం ఎవరికీ చెప్పుకోవాలనిపించని యుద్ధం. కొలంబోకి మనం దురాక్రమణదారులం, పులులకి ద్రోహులం, తమిళనాడుకి తమిళుల్ని చంపినవాళ్ళం, ఢిల్లీకి తలనొప్పి. 1990లో ఆఖరి దళం మద్రాసులో దిగితే ముఖ్యమంత్రి స్వాగతానికి వెళ్ళలేదు. కొలంబో దగ్గర బత్తరముల్లలో శ్రీలంకవాళ్ళే మన జవాన్లకి స్మారకం కట్టారు. మన దేశంలో జాతీయ స్థాయిలో వాళ్ళ పేర్లు చెక్కిన చోటు కావాలంటే 2019లో ఢిల్లీలో జాతీయ యుద్ధ స్మారకం వచ్చేదాకా ఆగాల్సొచ్చింది.

డల్లాస్_డాడీ
ఆగస్టు 18, ఉదయం 9:40

తిరిగొచ్చాక ఎలా ఉండేది బాబాయ్ గారూ? ఇంట్లోవాళ్ళకి చెప్పారా?

పాత_తంబీ
ఆగస్టు 18, రాత్రి 8:00

89 చివర్లో మద్రాసు హార్బర్లో దిగి, రైలెక్కి, పలాసలో దిగాను. మా అమ్మ "సిలోన్ నుంచి ఏం తెచ్చావురా" అంది. మా వైపు అప్పట్లో సిలోన్ అంటే రేడియో, సబ్బులు. ఒక టార్చిలైటు తెచ్చాను, ఇచ్చాను.

వేసవిలో తమ్ముడు ముంజలకి రమ్మన్నాడు. తోపు మొదట్లో ఆగిపోయాను. జాఫ్నాలో తాటిచెట్ల మీద నుంచి కొట్టేవాళ్ళు. అందుకని పైకి చూడకుండా తాటితోపులోకి అడుగుపెట్టలేను. పైకి చూస్తూ నడిస్తే మా తమ్ముడు నవ్వుతాడు. కడుపునొప్పి అని చెప్పి వెనక్కొచ్చాను. రెండు వేసవులు అలాగే గడిచాయి. మూడో ఏట తిన్నాను.

తిరుమలగిరి_బాయ్
ఆగస్టు 19, మధ్యాహ్నం 12:10

నేనిక్కడ చదవడమే కానీ రాయను. ఈసారి రాయాలనిపించింది.

మాది సికింద్రాబాద్ తిరుమలగిరి. మా నాన్న మిలిటరీ టైలర్. ఈ ఆపరేషన్‌కి అందరికంటే మొదట పోయింది సికింద్రాబాద్‌లో ఉండే 54వ డివిజనే. మాకు ఆ పేర్లేమీ తెల్వవు. నాకప్పుడు తొమ్మిదేళ్ళు. ఒక వారంలో బజార్ మొత్తం ఖాళీ అయింది, అంతే గుర్తు. కుట్టడానికి ఇచ్చిన ప్యాంట్లు, షర్టులు అట్లనే ఉండిపోయినయ్. ట్రైనింగ్‌కి పోయిండ్రు, వస్తరు అని నాన్న ఇస్త్రీ చేసి పెట్టిండు. కొందరు రెండేళ్ళకి వచ్చి తీస్కపోయిండ్రు. కొన్ని ఎవ్వరూ అడగలే. షాపు తీసేసినప్పుడు బట్టలు ఏం చేసిండో తెల్వదు. కొలతల పుస్తకం మాత్రం మా ఇంట్ల బీరువా మీద ఇప్పటికీ ఉంది.

నిజం_కావాలి
ఆగస్టు 19, మధ్యాహ్నం 12:45

ఆ పుస్తకంలో ఏముంది తమ్ముడూ? ఫోటో పెట్టగలవా?

(ఈసారి అనుమానంతో అడగట్లేదు.)

తిరుమలగిరి_బాయ్
ఆగస్టు 19, సాయంత్రం 6:30

తీసి చూసిన అన్నా. పేరు, యూనిట్, అడ్వాన్స్ ఎంత, కొలతలు. తీస్కపోయినోళ్ళకి నాన్న నీలి ఇంకుతో గీత కొట్టిండు. గీత లేనివి పదకొండు ఉన్నయ్. నడుములన్నీ 28, 30. ఒక్కటే 32.

పాత_తంబీ
ఆగస్టు 19, రాత్రి 8:15

ఫోటో పెట్టకు నాయనా. వాళ్ళ ఇళ్ళవాళ్ళు ఎక్కడున్నారో, ఏమో. ఆ పదకొండు పేర్లూ మా మనవడికి మెసేజ్‌లో పంపు. మాతో పనిచేసిన ఒకాయన కొడుకు ఢిల్లీలో ఉంటాడు. స్మారకం దగ్గర చక్రంలా కట్టిన గోడలున్నాయి, ఇటుక ఇటుకకీ పేరు ఉంటుంది. పోయి చూసి రమ్మంటాను. కొందరు బతికే ఉండొచ్చు. పోస్టింగ్ మారిపోతే ప్యాంటు కోసం సికింద్రాబాద్ ఎవడొస్తాడు?

ఆ 32 వాడు కచ్చితంగా లంగర్ కుక్ అయ్యుంటాడు.